నలభై పాదులు, నూట ముప్పై ఒక్క తడి

ఇప్పుడు గనిలో కొత్తగా చేరుతున్న పిల్లలకు హాజరు గుమస్తా అంటే ఏమిటో తెలియదు. యంత్రం మీద వేలు పెడతారు, అది కుయ్యిమంటుంది, మస్టర్ పడుతుంది. మా రోజుల్లో ఆ యంత్రం నేనే. డిసెంబర్ ఒకటిన చేరి జనవరి ముప్పై ఒకటిన దిగిపోయేదాకా, ముప్పై ఒక్క ఏళ్ల రెండు నెలలు, గోదావరిఖనిలో ఒక భూగర్భ గని టైం ఆఫీసు కిటికీ వెనక కూర్చున్నాను. వేళకు వచ్చినవాడి పేరుకు ఎదురుగా నల్ల సిరాతో గీత, రానివాడి పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో 'నా'. నా అంటే నాగా. ఆ ఒక్క అక్షరం కోసం నన్ను తిట్టుకోనివాళ్లు ఆ గనిలో లేరు. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే నాగా. షేర్ ఆటో పంక్చరైందన్నా నాగా. ఒకసారి మా సొంత మరిదికే రాశాను. మూడు పండుగలు వాడు మా గడప తొక్కలేదు.

గొప్ప కోసం చెప్పడం లేదు. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు గురించి చెప్పబోతున్నాను. అది ఆఫీసులో జరగలేదు, మా క్వార్టర్ పెరట్లో, ఆలుగడ్డల మడిలో జరిగింది. అయినా దాన్ని ఉద్యోగం ఖాతాలోనే వేస్తాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నాకంటే రెండేళ్ల ముందు మా ఆఫీసులోనే ఇంకొక హాజరు గుమస్తా రిటైరయ్యాడు. నిఖార్సైన మనిషి. వీడ్కోలు సభకు నూట ఇరవై కుర్చీలు వేయించారు. పదకొండు మంది వచ్చారు. నేను లెక్కపెట్టాను. పదకొండులో నలుగురు టిఫిన్ పంచేవాళ్లు, ఒకడు ఫొటోలు తీసేవాడు, ఒకడు నైట్ షిఫ్టు చేసి వచ్చి వెనక వరుసలో నిద్రపోతున్నవాడు. ఆ పెద్దమనిషి మెడలో పూలదండతో ఖాళీ కుర్చీలకు నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ఆ నమస్కారం నా కళ్ల ముందు నుంచి పోలేదు. మా ఆయన పోయాక ఆయన బదులు ఈ ఉద్యోగం నాకిచ్చారు, పిల్లలు లేరు, నాకు తెలిసిన మనుషులంతా ఆ కిటికీ అవతల వరుసలో నిలబడేవాళ్లే. వాళ్లు రాకపోతే రావడానికి ఇంకెవరూ లేరు. ఈ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

నా రిటైర్‌మెంట్ మూడున్నర నెలలుందనగా, అక్టోబర్ నడిమధ్యలో ఒకరోజు, గని కాంటీన్‌లో చాయ్ తాగుతుంటే ముగ్గురు నా బల్ల దగ్గరికి వచ్చారు. ఒకరు టింబర్‌మన్, అంటే గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి, నాకంటే రెండేళ్లు చిన్న. ఇంకొకరు పంపు ఖలాసీ, గనిలో ఊరే నీళ్లను రాత్రింబగళ్లు పైకి తోడించే మనిషి. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, నన్ను ఆపా, అంటే అక్కా, అంటాడు. మూడోవాడు కోస్తా నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్, అందరినీ అండి అంటాడు, తిట్టేటప్పుడు కూడా.

"అక్కా, దిగిపోతున్నవట. దావత్ ఏం పెడుతున్నవ్ మాకు?" అన్నాడు టింబర్‌మన్.

"మీరు వస్తే గదా" అనబోయి మింగాను. నోటికి ఏది వస్తే అది అన్నాను. "పూరీ, ఆలుగడ్డ కూర. ఆలుగడ్డ మా పెరట్లది. పిడికెడు ఎరువు ఎయ్యకుండ పండిస్త."

ముగ్గురూ నవ్వారు. పక్క బల్లలవాళ్లూ నవ్వారు.

"గీ బొగ్గు దుమ్ములనా? ఎరువు లేకుండనా? అక్కా, ఆలుగడ్డకు గూడ నాగా రాస్తనని బెదిరిస్తవా ఏంది?" అన్నాడు టింబర్‌మన్.

"యూరియా వెయ్యకపోతే మావైపు వంగమొక్క కూడా మాట వినదండి" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"పేడ అన్న ఏస్తరు గదా ఆపా?" అని పంపు ఖలాసీ అడిగాడు.

"పేడ ఏస్త."

"అరె, పేడ గూడ ఎరువే! మాట మాటే ఉండాలె" అన్నాడు టింబర్‌మన్.

నేను ఎరువు అన్నది సంచుల్లో వచ్చే దాని గురించి. కానీ ఇతరుల మాటను అక్షరం అక్షరం పట్టుకుని ముప్పై ఏళ్లు బతికినదాన్ని, నా మాటను నేను ఎలా సడలిస్తాను? పేడ కూడా వెయ్యనన్నాను. అప్పుడు వంటింటి కిటికీలోంచి కాంటీన్ వంటావిడ తల బయటపెట్టింది. ఆమె నోటికి మేనేజర్ కూడా జంకుతాడు. "మరి నా దగ్గరికెల్లి తీస్కపోయే తొక్కలో?"

తొక్కలు ఎరువా, చెత్తా అని పావుగంట వాదన జరిగింది. చివరికి వంటావిడే తీర్పు చెప్పింది. "నేను పారేసేది చెత్త. చెత్తతోని పండిస్తే తప్పులేదు."

అలా లెక్క తేలింది. జూన్ నుంచి మా పెరటి మూల గుంతలో కాలనీ రోడ్డు మీద రాలిన కానుగ ఆకు, కాంటీన్ తొక్కలు కలిపి మగ్గపెట్టి ఉన్నాను. అది నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో తయారై ఉంది. విత్తనపు గడ్డలు ఇరవై తెచ్చి, ఒక్కోదాన్ని ముక్కకు రెండేసి మొలక కండ్లు ఉండేలా నిలువునా రెండుగా కోసి, కోత ఆరేదాకా నీడలో ఉంచి, నవంబర్ రెండు, ఆదివారం నాడు నాటాను. నాలుగు సాళ్లు, సాలుకు పది పాదులు, మొత్తం నలభై. నాలుగు వేళ్ల లోతు, పైన రెండు దోసిళ్ల ఆకుమట్టి. నవంబర్ రెండును మొదటి రోజనుకుంటే తొంభయ్యవ రోజు జనవరి ముప్పై. తవ్వడం ఆ రోజు. ముప్పై ఒకటిన దావత్.

నూట ఇరవై మందికి, మనిషికి నూట యాభై గ్రాముల చొప్పున పద్దెనిమిది కిలోలు. నలభై పాదులకు అర కిలో చొప్పున ఇరవై కిలోలు. రెండు కిలోలు మిగులు. ఈ లెక్కంతా ఒక కొత్త నోటు పుస్తకం అట్ట మీద రాసి, పెరటి తలుపుకు మేకు కొట్టి తగిలించాను. అట్ట మీది ఆ లెక్కే తర్వాత నా పరువు తీసింది. అది వచ్చినప్పుడు చెబుతాను.

పద్దెనిమిది రోజులు అంతా సవ్యంగా నడిచింది. మొలకలు ముప్పై తొమ్మిది వచ్చాయి, నలభయ్యోది రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. నాగా రాయలేదు, అది మొక్క కాబట్టి.

నవంబర్ ఇరవైన కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ముందే కుదిరిన తేదీ. డాక్టర్ ఏడు వారాలు వంగొద్దు, బరువెత్తొద్దు, బకెట్ ముట్టొద్దు అన్నాడు. ఆలుగడ్డకు ఏడెనిమిది రోజులకొక తడి చాలు. అయినా ఆ ఒక్క తడి పెట్టడానికీ వంగాలి. అప్పుడు కాంటీన్‌లో నవ్విన ముగ్గురినే పిలిచాను. ముగ్గురికీ మా క్వార్టర్ డ్యూటీకి పోయే దారిలోనే ఉంది. పైగా ముగ్గురూ మూడు వేర్వేరు రిలేలు, అంటే షిఫ్టు బృందాలు. వారం వారం షిఫ్టులు మారినా ఏ రోజైనా షిఫ్టుకొకరు నా మడికి దొరుకుతారు.

ఇక్కడ నేను ఒక మామూలు మనిషిలా ఆలోచించి ఉంటే, "తమ్మీ, వారానికొకసారి ఎవరన్నా ఒకరు నీళ్లు పొయ్యండి" అనేదాన్ని. కానీ నేను హాజరు గుమస్తాను. నోటు పుస్తకంలో గీతలు కొట్టాను. తేదీ, ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. నా ఉద్దేశం, దారిలో పోతూ ఎవరైనా ఆగి చూడాలి, మట్టి ఎండితే పొయ్యాలి, చూసినందుకు సంతకం పెట్టాలి. ఆ ఉద్దేశం నా బుర్రలోనే ఉంది. పుస్తకంలో రాయలేదు. పుస్తకంలో పైన రాసింది ఒక్కటే మాట, 'నీళ్లు'.

రెండో రోజు, శనివారం, సెకండ్ షిఫ్టుకు పోతూ పంపు ఖలాసీ వచ్చాడు. మట్టి తడిగా ఉందని చూశాడు. బుద్ధిమంతుడు కాబట్టి నీళ్లు పొయ్యలేదు. పొయ్యలేదు కాబట్టి సంతకం పెట్టలేదు. సాయంత్రం నేను ఒంటి కంటితో పుస్తకం తెరిచి చూస్తే గడి ఖాళీ. ముప్పై ఏళ్ల చెయ్యి, ఆగలేదు. ఎర్ర పెన్ను తీసి 'నా' అని రాశాను.

సోమవారం అతను ఆ అక్షరం చూశాడు. గనిలోంచి నీళ్లు తోడడమే పనిగా బతికినవాడు, ఆనాటి నుంచి నా మడిలో నీళ్లు నింపే పని పెట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ కూడా ఆ ఎర్ర అక్షరాన్ని చూసి జాగ్రత్తపడ్డారు. ఉదయం ఏడింటికి నైట్ షిఫ్టు దిగి ఒకడు, మధ్యాహ్నం రెండింటికి సెకండ్ షిఫ్టుకు పోతూ ఒకడు, మూడున్నరకు ఫస్ట్ షిఫ్టు దిగి ఒకడు. రెండింటి తడి మట్టిలోకి ఇంకకముందే మూడున్నర తడి పడేది. మరి ముగ్గురూ ఒకరి సంతకం ఒకరు చూశారు కదా, ఎందుకు ఆగలేదని మీరడగొచ్చు. నేనూ తర్వాత అడిగాను. ముగ్గురూ వేర్వేరుగా ఒకే జవాబు చెప్పారు. "వాళ్లు ఒట్టిగనే సంతకం పెట్టి పోతున్నరనుకున్న. నేనొక్కన్నే పోస్తున్న అనుకున్న. అందుకే ఇంకొంచెం ఎక్కువనే పోసిన."

డాక్టర్ గడువు తీరి, తవ్వేముందు మట్టి ఆరాలని నేను ఆపమనేదాకా, అంటే జనవరి పది దాకా, ఇది నడిచింది. యాభై ఒక్క రోజుల్లో ఏడు ఆదివారాలు పోను నలభై నాలుగు రోజులు, రోజుకు మూడు, నూట ముప్పై రెండు. ఒక నాగా పోను నూట ముప్పై ఒకటి. ఆ పంటకు కావలసినవి ఏడు తడులు.

నేను రోజూ సాయంత్రం పుస్తకం చూసేదాన్ని. ఇన్నేళ్లలో అంత నిండుగా ఉన్న హాజరు పుస్తకం నేను చూడలేదు. మురిసిపోయాను. మడిని చూడలేదు. వంగొద్దన్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, చూడడానికి వంగనక్కరలేదు. పుస్తకం సరిగ్గా ఉంటే మడి సరిగ్గానే ఉంటుందనుకున్నాను. ఉద్యోగంలో ఉన్న పిల్లలు ఈ వాక్యం దగ్గర కొంచెం ఆగితే మంచిది.

జనవరి మొదటి వారంలో ఆకులు పసుపుపచ్చ తిరిగాయి. ఆలుగడ్డ ముదిరితే ఆకు పండుతుందని నాకు తెలుసు. "చూసినవా, పది రోజులు ముందే వస్తున్నయ్" అని వంటావిడతో గొప్ప చెప్పాను. ఆమె పెరటి గోడ మీదుగా ఒకసారి చూసి, ముక్కు ఎగబీల్చి, "అక్కా, ఏందో వాసనొస్తున్నది" అంది. పక్క క్వార్టర్ మోరీలో మురుగు వాసనన్నాను.

తొంభయ్యవ రోజు, శుక్రవారం, నాలుగింటికి డ్యూటీ దిగి వచ్చాను. వంటావిడ తట్టలు తెచ్చింది. ఫస్ట్ షిఫ్టు దిగిన టింబర్‌మన్ పార తెచ్చాడు. రాత్రికి డ్యూటీ ఉన్న ఎలక్ట్రీషియన్ ఉత్తచేతులతో వచ్చి, దీనికంతటికీ తనకేమీ సంబంధం లేదన్నట్టు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పంపు ఖలాసీ సెకండ్ షిఫ్టులో, గని లోపల ఉన్నాడు. చూసే జనం ఒక ఇరవై మంది గోడకు అటువైపు.

మొదటి పాదు మట్టి చేత్తో తీస్తే చాలు, ఆరు గడ్డలు పైకి వచ్చాయి. జనం అరిచారు. నాకు గుండె నిండింది. టింబర్‌మన్ మాత్రం నోరు తెరిచి ఆ ఆరింటినీ తేరిపార చూశాడు. తర్వాత పార తీసుకుని అదే పాదును మోకాలి లోతు తవ్వాడు.

"అంత లోతు ఎందుకు తమ్మీ?"

"ఉంటయ్ అక్కా. లోపట గూడ ఉంటయ్." ఉన్నాయి. ఇంకో ఆరు. అతను వాటి వంక చూడనే లేదు. పైన వచ్చిన ఆరింటినే చేతిలో తిప్పి తిప్పి చూస్తూ, "నిజంగనే పండినయ్ గదరా" అని తనలో తనే గొణుక్కున్నాడు.

పాదు తర్వాత పాదు. పైన ఆరు, మోకాలి లోతున ఆరు. మధ్యలో నల్లగా, జావలాగా ఏదో ఉంటే వంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నలభై పాదులూ అయ్యాక ఎలక్ట్రీషియన్ గొంతు సవరించుకున్నాడు.

"మేడం గారూ, సాళ్ల మధ్యలో కూడా ఒకసారి చూస్తే బాగుంటుందేమోనండి."

"సాళ్ల నడుమ ఆలుగడ్డ ఎట్ల ఉంటది?"

"ఉండకపోవచ్చండి. చూస్తే పోయేదేముందండి."

తవ్వారు. సాళ్ల నడుమ మూడు సందుల్లోనూ, కేబుల్ వేసినట్టు తిన్నగా, ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకటే లోతున, ఈ మూల నుంచి ఆ మూలకు గడ్డలు. జనం గోడ దూకి లోపలికి వచ్చారు. ఎవరో నన్ను ఎత్తుకోబోయారు. కాంటాకు తట్టలు తగిలించి తూచాం. యాభై ఎనిమిది కిలోలు.

కబురు గని మేనేజర్ దాకా పోయింది. అరగంటలో ఆయన జీపులో వచ్చాడు. ఉత్సాహవంతుడు. "నలభై పాదుల్లో యాభై ఎనిమిది కిలోలా! ఎరువు లేకుండానా! అమ్మా, రేపు సభలో ప్రకటిస్తాను. మన ఏరియాలో ప్రతి క్వార్టర్‌లో ఇదే పద్ధతి. మీరు రాసి ఇవ్వండి, సర్క్యులర్ వేయిస్తాను" అని నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు.

అందరూ పోయాక వంటావిడా నేనూ వరండాలో తట్టల ముందు కూర్చున్నాం. పాదుకు ఒక కిలో నాలుగు వందల యాభై గ్రాములు. ఎంత మురిపెం ఉన్నా ఆ అంకె నా గొంతులో దిగలేదు. ఆపరేషన్ చేసిన కన్ను అప్పటికి బాగా కుదురుకుంది, అది ఇంకో ఇబ్బంది.

వంటావిడ ఒక గడ్డ తీసి, గోటితో గీరి, ఇంకోటి తీసి, వాసన చూసి, నా వంక చూసింది. "అక్కా, నేను రోజు ముప్పై కిలోల ఆలుగడ్డ కోస్త. ఇది ఎర్ర తోలుది. ఇది తెల్లది. ఇది గోదాంల పడి తీపెక్కినది. ఒక్క మడిల మూడు జాతులు ఎట్ల పండినయ్?" ఇంకొక గడ్డకు సంచి దారం అంటుకుని ఉంది. దాన్ని లాగి నా ఒళ్లో పెట్టింది.

గడ్డలన్నీ కుప్పలుగా వేరు చేశాను. ఎర్రవి పద్దెనిమిది కిలోలు. తెల్లవి పద్దెనిమిది కిలోలు. తీపెక్కినవి పద్దెనిమిది కిలోల ఆరు వందలు, ఆరు వందలు దుకాణం కొసరు అయ్యుంటుంది. తలుపుకు వేలాడుతున్న పుస్తకం అట్ట చూశాను. నా దస్తూరీలోనే ఉంది. నూట ఇరవై మందికి పద్దెనిమిది కిలోలు. ముగ్గురు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు, నా లెక్కను చూసి అంతే కొనుక్కొచ్చారు. గని మనిషి మోకాలి లోతున పెట్టాడు. పంపు మనిషి పైపైన దోపాడు. కరెంటు మనిషి కేబుల్ లాగాడు. అందుకే ఒకరి గడ్డ ఒకరి చేతికి తగల్లేదు. తవ్వేటప్పుడు అక్కడున్న ఇద్దరూ తమవి కాక మిగతావన్నీ నిజంగా నా మడిలో పండాయనే అనుకున్నారు.

నాలుగో కుప్ప చిన్నది. గోడ పక్కన, నేల కాస్త ఎత్తుగా ఉండి నీళ్లు నిలవని చోట, ఏడు పాదుల్లో వచ్చినవి. వేరు పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. మూడు కిలోల నాలుగు వందలు. నావి అవే.

"ఇప్పుడేం జేస్తవ్?" అంది వంటావిడ. "నోరు మూసుకో అక్కా. మంచికే జేసిన్రు. రేపొక్క దినం గడిస్తే అయిపాయె."

ఆమె మాటలో తప్పులేదు. నిజం చెబితే నా కోసం ఇంత కష్టపడ్డ ముగ్గురూ నలుగురిలో నవ్వులపాలవుతారు. పైగా ఎరువు లేని పంట అని పిలిచి పండని పంట చూపిస్తే సభలో ఎవరు కూర్చుంటారు? ఆ పెద్దమనిషి ఖాళీ కుర్చీలకు పెట్టిన నమస్కారం కళ్ల ముందుకొచ్చింది. చెప్పకపోతే, పాదుకు కిలోన్నర అని సర్క్యులర్ పోతుంది. ప్రతి క్వార్టర్‌లో ఆడవాళ్లు మడులు కట్టి, అర కిలో వస్తే తమ చేతిలో లోపమనుకుంటారు. ముప్పై ఒక్క ఏళ్లు తప్పు అంకె రాయనిదాన్ని, దిగిపోయే రోజున రాయాలా?

"నువ్వు మొత్తం కూర వండు" అన్నాను వంటావిడతో. "యాభై ఎనిమిది కిలోలు. ఒక్క గడ్డ మిగలొద్దు."

"మూడు వందల మందికి అయితది అక్కా!"

"మూడు వందల ఎనభై ఆరు మందికి" అన్నాను. భాగహారం చేశాను కదా.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు, ఫస్ట్ షిఫ్టు పైకి వచ్చే వేళ, సెకండ్ షిఫ్టు కిందికి దిగే ముందు, రెస్ట్ హాల్లో సభ. నూట ఇరవై కుర్చీలు వేశారు. నేను లెక్కపెట్టకూడదనుకుని కిందికి చూస్తూ కూర్చున్నాను. మేనేజర్ దండ వేశాడు, ఎరువు లేని అద్భుతం గురించి పది నిమిషాలు మాట్లాడాడు, నన్ను మాట్లాడమన్నాడు.

లేచి పుస్తకం తెరిచాను. "సార్ చెప్పిన అంకె సరిదిద్దాలి" అన్నాను. "మొత్తం యాభై ఎనిమిది కిలోలు. అందులో ఎర్ర తోలువి పద్దెనిమిది. తెల్లవి పద్దెనిమిది. గోదాంలో తీపెక్కినవి పద్దెనిమిది కిలోల ఆరు వందలు. ఇవి మా మడిలో పండలేదు. దొరికాయి. పండినవి మూడు కిలోల నాలుగు వందలు. మిగతా పంట కుళ్లింది. ఎందుకు కుళ్లిందంటే నూట ముప్పై ఒక్క తడి పడింది. ఎందుకు పడిందంటే ఎండిందా తడిగా ఉందా అని అడిగే గడి నేను పుస్తకంలో పెట్టలేదు. నీళ్లు పొయ్యకుండా ఊరుకున్న ఒక్క తెలివైనవాడికి నాగా రాశాను. ఆ నాగా తప్పు. కొట్టేస్తున్నాను."

ఎర్ర పెన్నుతోనే కొట్టేశాను. నేను పేర్లు చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు.

రెండో వరుసలో పంపు ఖలాసీ లేచాడు. "తెల్లయి నావి. ఆపా, ఖుదా కసం, తెల్లయే నావి. ఎర్రయి ఎవనివి?"

టింబర్‌మన్ అతని వైపు తిరిగాడు. "నువ్వు గూడనా? ఓరి నీ... పైన ఉన్నయి నువ్వు పెట్టినవా? అవి జూసి నిన్న రాత్రి మా ఆడామెకు అద్భుతమని చెప్పిన గదరా!"

"తీపెక్కినవి నావేనండి" అన్నాడు ఎలక్ట్రీషియన్ తల దించుకుని. "దుకాణంవాడు కొత్తవని నమ్మించాడండి. వాడికి ఉంది నా చేతిలో."

అప్పుడు హాలు పేలిపోయింది. మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంటున్నాడు. సర్క్యులర్ అడగలేదు. ఎవరి నీళ్లకు కుళ్లిందని మూడు రిలేల మధ్య కొట్లాట మొదలైంది. ఫస్ట్ షిఫ్టు పోసిందే ఎక్కువని సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు బకెట్ పెద్దదని ఫస్ట్ షిఫ్టు. ఎవరూ కదల్లేదు. పది నిమిషాలు ఆగాక సెకండ్ షిఫ్టును మేనేజరే తరిమాడు, పూరీలు చేతిలో పట్టుకుని గనిలోకి దిగారు. కూర ఉందని తెలిసి నైట్ షిఫ్టువాళ్లు సగం నిద్రలో కాలనీ నుంచి వచ్చారు. వంటావిడ పళ్లేలు లెక్కపెట్టింది. రెండు వందల పద్నాలుగు. కుర్చీలు నూట ఇరవై. తొంభై నాలుగు పళ్లేలకు కుర్చీల్లేవు. వంటావిడ పళ్లెం నాకు ఇస్తూ, "నువ్వు గూడ తింటే రెండు వందల పదిహేను, తినుమరి" అంది. తిన్నాను. గోదాం గడ్డలు నిజంగానే తీపి.

అందరూ పోయేటప్పుడు టింబర్‌మన్‌ను పట్టుకుని అడిగాను. "కుళ్లిందని తెలిస్తే నాకే చెప్పొచ్చు గదా తమ్మీ?"

"చెప్పుదామనే అచ్చిన అక్కా ఇరవై తారీఖున. నువ్వు పుస్తకం చూసుకుంట నవ్వుతున్నవ్. నువ్వు నవ్వంగ మేమెవ్వలం ఎన్నడు సూడలే." నడుం మీద చెయ్యి పెట్టుకుని, "పొలగాండ్లు మోకాలి లోతు తవ్వరు గని, నేను తవ్విన. నడుం ఇంక లేస్తలేదు" అన్నాడు.

క్వార్టర్ ఖాళీ చేసి గాంధీనగర్ వైపు చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. వెనక జాగా ఉంది. వచ్చిన నవంబర్‌లో మళ్లీ నలభై పాదులు పెట్టాను. ఆకుమట్టి, తొక్కలు, ఇంకేమీ లేదు. పుస్తకం పెట్టలేదు. మట్టిలో వేలు పెట్టి చూసి, రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే నీళ్లు. మొత్తం ఎనిమిది తడులు. తొంభై రెండో రోజు నేనొక్కదాన్నే తవ్వాను. ఇరవై ఒక్క కిలోల రెండు వందలు. అన్నీ ఒకటే జాతి, ఒకటే రంగు, వేరు పోగులతో సహా. ఆ ముగ్గురికీ కబురు పెట్టాను.

వచ్చారు. తట్ట ముందు గొంతుక్కూర్చున్నారు. టింబర్‌మన్ ఒక గడ్డ తీసి గీరాడు. పంపు ఖలాసీ వాసన చూశాడు. ఎలక్ట్రీషియన్ వెళ్లి సాళ్ల మధ్య కాలితో తన్ని చూసి వచ్చాడు.

"ఎరువు లేదు" అన్నాను. "పేడ గూడ లేదు. ఎనిమిది తడులు. నేనే."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేనైతే గాదు" అన్నాడు టింబర్‌మన్, మెల్లగా, నాకు వినపడకూడదన్నట్టు.

"అల్లా కసం, ఈసారి నేను గాదు."

"నాకసలు ఈ ఇల్లెక్కడో ఇవాళే తెలిసిందండి" అన్నాడు ఎలక్ట్రీషియన్.